గేటు దగ్గర అక్క గొంతు

టైల్సు, కుళాయిలు, సింకులు అమ్మే ఆ డిపోలో ఆమె అందరికీ అక్కే. లారీ డ్రైవర్లకూ అక్కే, లోడెత్తేవాళ్ళకూ అక్కే, ఆమె కంటే వయసులో చాలా పెద్దవాడైన గుమాస్తాకూ అక్కే. ఆ లెక్కన ఆమె భర్త డిపో మొత్తానికీ బావ అయిపోయాడు. ఆ వరస ఆయనకు బాగానే ఉంది. అరవడం అక్క వంతు, అరుపు తిన్నవాడికి టీ పోయించి పంపడం బావ వంతు. పని అలా సాఫీగా నడిచిపోయేది.

నిజంగా ఆమెను అక్కా అని పిలిచే హక్కు ఉన్నవాడు ఒక్కడే, ఆమె సొంత తమ్ముడు. వాడు డిపో మొహం చూడక నెలలు దాటింది.

జరిగింది చిన్న విషయమని ఎవరూ అనలేరు. ఖరీదైన కుళాయిల పెట్టె ఒకటి గోడౌన్‌లోంచి మాయమైంది. తాళంచెవి తమ్ముడి దగ్గరే ఉండేది. వాణ్ణి లోపలికి పిలిచి, తలుపు వేసి, నెమ్మదిగా అడగొచ్చు. కానీ అక్కకు ముక్కు మీద కోపం. లోడు దిగుతున్నప్పుడు, పదిమంది చూస్తుండగా, "పెట్టె ఏం చేశావ్‌రా?" అని కేకేసింది. వాడు ఒక్క మాట మాట్లాడలేదు. తాళంచెవి బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు. పెట్టె వాడు తీశాడో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఆమె అడిగిన తీరు మాత్రం అందరికీ తెలుసు.

వాడు ఎదురు చెప్పి ఉంటే అక్కకు అంత కోపం వచ్చేది కాదేమో. మాట్లాడకుండా వెళ్ళడం ఆమెకు మండింది. ఆ సాయంత్రమే తన ఫోన్‌లో వాడి నంబర్ బ్లాక్ చేసింది. భర్త ఫోన్ కూడా లాక్కుని అందులోనూ బ్లాక్ చేసింది. "నా ఫోన్ జోలికి ఎందుకు?" అని బావ గొణిగాడు గానీ, ఆయన గొణుగుడు ఆ ఇంట్లో ఏనాడూ తీర్మానం కాలేదు. అమ్మ దగ్గర మాత్రం ఒక చిన్న ఫోన్ ఉండేది. అక్క డిపోకు వెళ్ళాక తల్లీకొడుకులు అందులో మాట్లాడుకునేవారు. ఆ సంగతి అక్కకు తెలుసు, తెలియనట్టు ఉండేది.

ఆ తర్వాతే డిపోకు కెమెరాలు పెట్టించాలని పట్టుబట్టింది. మనుషులను నమ్మి చూశాను, ఇక చాలు అంది.

కెమెరాలు బిగించడానికి వచ్చినాయన మాటల పోగు. నిచ్చెన మీద ఒక కాలు, కింద ఒక కాలు పెట్టి ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఇవి పాతకాలం కెమెరాలు కావట, బొమ్మ తీసి ఊరుకోవట. పగలూ రాత్రీ రెప్ప వెయ్యవు. మనిషి వేరు, కుక్క వేరు, గాలికి ఎగిరే టార్పాలిన్ పట్టా వేరు అని వాటికి తెలుసు. డిపో మూసి ఉన్నప్పుడు గేటు దగ్గర కొత్త మనిషి నిలబడితే చాలు, లైటు వేసి గట్టిగా హెచ్చరిస్తాయి. కదలకపోతే మళ్ళీ హెచ్చరిస్తాయి. అప్పటికీ కదలకపోతే సైరన్ మోగించి యజమాని ఫోన్‌కు కబురు పంపిస్తాయి.

"మరి మేమే వస్తే?" అని అడిగాడు బావ.

"మీ ముఖాలు ముందే ఎక్కించేస్తాం కదండీ. మనవాళ్ళెవరో దానికి చెప్పి పెడితే, మనవాళ్ళని చూసి నోరెత్తదు."

అక్క తన ఫోన్‌లోని ఫొటోలు చూపించింది. పనివాళ్ళందరివీ అయ్యాయి. ఇంట్లోవాళ్ళకని పాత గ్రూప్ ఫొటో ఒకటి వెతికి తీసింది. అమ్మ, బావ, తను, పక్కన పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న తమ్ముడు. కెమెరాలాయన ఒక్కొక్క ముఖం చుట్టూ గీత గీస్తూ వచ్చి చివరి ముఖం దగ్గర ఆగాడు. "ఈయనండీ?"

"వద్దు," అంది అక్క. "బయటివాడు."

బావ ఆమె వైపు చూశాడు. ఆమె ఫోన్ వైపు చూసింది. కెమెరాలాయనకు ఎవరైతేనేం, ముందుకు జరిగిపోయాడు.

ఆ తర్వాత హెచ్చరిక వినిపించాడు. కంపెనీవాళ్ళు ఇచ్చిన ఆడగొంతు, "దయచేసి ఇక్కడి నుండి వెళ్ళిపోవలసిందిగా కోరుచున్నాము" అంది. బావ పకపకా నవ్వాడు. "ఇది విని దొంగ పారిపోడు, తన రైలు ఏ ప్లాట్‌ఫారం మీదకొస్తుందో అడుగుతాడు."

"అయితే అక్క గొంతే పెడదాం," అన్నాడు కెమెరాలాయన. "ఇందాక లారీ వెనక్కి తీయిస్తుంటే విన్నాను. వీధి చివర కుక్క కూడా సర్దుకుని కూర్చుంది."

అక్క మొదట సిగ్గుపడింది. తర్వాత సరదా పడింది. గొంతు సవరించుకుని, "ఎవరది? ఇక్కడేం పని? వెళ్ళండి" అంది. కెమెరాలాయన పెదవి విరిచాడు. దొంగను టీ తాగి వెళ్ళమన్నట్టు ఉందన్నాడు. మరోసారి చెప్పించాడు. ఈసారి కొనుగోలుదారుడికి ధర చెప్పినట్టు వచ్చింది. పనివాళ్ళు చుట్టూ చేరి నవ్వుతున్నారు.

"ఎవరి మీదైనా కోపం తెచ్చుకోండి అక్కా. నిజంగా ఒళ్ళు మండాలి. అలాంటివాళ్ళు ఎవరూ లేరా?"

ఎందుకు లేరు? అక్క కళ్ళు మూసుకుంది. తాళంచెవి బల్ల మీద పడిన చప్పుడు వినిపించింది. తిరిగి చూడకుండా గేటు దాటిన వీపు కనిపించింది. అప్పుడు అనలేకపోయిన మాటలన్నీ ఒక్కసారి నోటికొచ్చాయి.

"సిగ్గు లేదూ? ఏం మొహం పెట్టుకుని వచ్చావ్? నేను చూస్తూనే ఉన్నాను. మళ్ళీ ఈ గేటు దగ్గర కనిపించావంటే ఊరుకోను. పో ఇక్కణ్ణించి!"

లోడెత్తేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఒక కుర్రవాడి చేతిలోంచి తాడు జారింది. కెమెరాలాయన చప్పట్లు కొట్టి, "అదీ! ఇది విన్నవాడు ఈ సందులోకి మళ్ళీ రాడు" అన్నాడు. అక్కకు మనసు తేలికపడింది. చాలాకాలంగా గొంతులో అడ్డుపడినదేదో బయటికి ఊసేసినట్టు అనిపించింది. బావ మాత్రం చప్పట్లు కొట్టలేదు. టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

*

అమ్మ పడింది వానాకాలంలో. వెనక గుమ్మం దగ్గర నీళ్ళు నిలిచి కాలు జారింది. తుంటి ఎముక విరిగింది, చేతిలోని చిన్న ఫోన్ రెండు ముక్కలైంది. ఆ కంగారులో డిపోకు తాళం వేసి, ఇంటికి తాళం వేసి, అందరూ ఆస్పత్రిలోనే ఉండిపోయారు. మర్నాడే ఆపరేషన్ అన్నారు.

స్ట్రెచర్ మీద పడుకోబెట్టాక అమ్మ అక్క చెయ్యి పట్టుకుంది. "వాడికి కబురందిందా?"

"అందింది. లారీ డ్రైవర్ చెప్పాడట," అంది అక్క. అది అబద్ధం కాదు. డ్రైవర్ ఫోన్ చేసి, దారిలో చిన్నోడు కనిపిస్తే అమ్మగారి సంగతి చెప్పానని అన్నాడు. ఏ ఆస్పత్రో డ్రైవర్‌కు తెలుసా అని అక్క అడగలేదు. వాడి నంబర్ బ్లాక్‌లోంచి తియ్యాలన్న ఆలోచన వచ్చింది. రావాలనుకున్నవాడు ఎలాగైనా వస్తాడులే అనుకుని ఫోన్ సంచిలో పడేసింది.

ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ వరండాలో కూర్చుంది. మధ్యలో ఫోన్ ఒకసారి వణికింది. గేటు దగ్గర కొత్త మనిషి, హెచ్చరించాం, వెళ్ళిపోయాడు అని కెమెరా పంపిన కబురు. బావకు చూపించి, "పెట్టించినందుకు పని చేస్తోంది చూశావా?" అంది. ఆ గాభరాలో అదొక్కటే ఆమెకు ఊరట. వేలితో ఆ కబురును పక్కకు తోసేసింది.

తమ్ముడు ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. అమ్మను ఇంటికి తీసుకొచ్చాకా రాలేదు. అమ్మ మొదట గుమ్మం వైపు చూసేది. వాకిట్లో బండి ఆగితే తల ఎత్తేది. తర్వాత తల ఎత్తడం మానేసింది. ఒకరోజు గోడ వైపు తిరిగి పడుకుని, "నాకు ఒక్కతే బిడ్డ అనుకుంటాలే" అంది. నడిపించడానికి వచ్చే ఫిజియోథెరపీ ఆవిడ లేవమ్మా అని బతిమాలితే, "లేచి ఎక్కడికెళ్ళాలి?" అనేది.

ఇక్కడ అక్క గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆమెకు అమ్మను చూస్తే కడుపు తరుక్కుపోయేది. అది నిజం. లోలోపల ఎక్కడో చిన్న తృప్తి కూడా ఉండేది. వాడు ఎలాంటివాడో నేను ముందే చెప్పానా లేదా అన్న తృప్తి. అమ్మ పక్క మారుస్తూ, దిండు సర్దుతూ, "పోనీలే అమ్మా, నేను లేనూ?" అనేటప్పుడు ఆమె గొంతు కాస్త అవసరానికి మించి తియ్యగా ఉండేది.

*

గేటు కెమెరా మీద సాలీడు గూడు పెట్టింది. బొమ్మ మసకగా వస్తోందని కబురు చేస్తే కెమెరాలాయన వచ్చాడు. గూడు తుడిచి, ఆఫీసు గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని పాత రికార్డింగులు ఒకసారి తిప్పి చూశాడు. ఉన్నట్టుండి ఆయనకు నవ్వు ఆగలేదు.

"అక్కా, ఇలా రండి. మీ గొంతు దెబ్బకి ఒకడు చేతులు జోడించేశాడు. ఎవడో అమాయకుడు, మిషన్‌తో మాట్లాడుతున్నాడు!"

అక్క చీటీలు పక్కన పెట్టి, నవ్వడానికి సిద్ధపడే వచ్చింది.

తెర మీద పగటి వెలుగు, సన్నటి వాన. మూసిన గేటు ముందు భుజాన పనిముట్ల సంచితో తమ్ముడు. జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. గేటు సందులోంచి లోపలికి తొంగి చూశాడు. లైటు వెలిగింది. అక్క గొంతు లేచింది. సిగ్గు లేదూ, ఏం మొహం పెట్టుకుని వచ్చావ్.

వాడు ఒక్క అడుగు వెనక్కి వేశాడు. తల ఎత్తి కెమెరాను చూశాడు. కోప్పడలేదు. ఏదో ఒకటి వినబడినందుకు ప్రాణం లేచొచ్చినట్టు దగ్గరికి వచ్చాడు. "అక్కా, నేనే. ఇంటికెళ్ళాను, తాళం ఉంది. అమ్మ ఏ ఆస్పత్రిలో ఉంది?"

రెండోసారి అదే గొంతు, ఇంకాస్త పెద్దగా. నేను చూస్తూనే ఉన్నాను.

"చూడు అక్కా, చూడు. తిట్టు, నీ ఇష్టం వచ్చినట్టు తిట్టు. ఆస్పత్రి పేరు ఒక్కటి చెప్పు చాలు. నీ కంటబడను. దూరం నుంచి అమ్మని చూసి వెళ్ళిపోతా." రెండు చేతులూ జోడించాడు. వాన కళ్ళలో పడుతున్నా తల దించలేదు. గొంతు మళ్ళీ పో అంది. దాని వెనకే సైరన్ మోగింది. ఎదురింటి కిటికీలోంచి ఎవరో చూశారు. తమ్ముడు ఆ కిటికీ వైపు చూసి, చేతులు దించి, మోచేత్తో ముఖం తుడుచుకుని నడిచి వెళ్ళిపోయాడు. ఈసారి కూడా వెనక్కి తిరగలేదు.

"చూశారా? ఎలా జంకాడో!" అన్నాడు కెమెరాలాయన.

అక్క కుర్చీ వీపు పట్టుకుంది. ఆమె ముఖం చూసి ఆయన నవ్వు దానంతట అదే ఆగిపోయింది.

"తెలిసినవాళ్ళా అండీ?"

"నా ఫోన్‌కి పంపించండి," అంది అక్క.

ఆ మధ్యాహ్నం ఆమె ఎవరి మీదా అరవలేదు. లారీ గోడకు గీసుకుంటూ వెనక్కి వచ్చినా అరవలేదు. గుమాస్తా ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. బావను లోపలికి పిలిచి వీడియో చూపించింది. ఆయన చివరిదాకా చూసి ఫోన్ బోర్లా పెట్టాడు.

"అది నేను కాదుగా. మిషనే కదా?" అంది అక్క.

"మిషనే."

"వాడని నాకేం తెలుసు? నేను ఆస్పత్రిలో ఉన్నాను."

"ఉన్నావు."

"చెరిపేస్తే ఎవరికీ తెలియదు."

"తెలియదు," అన్నాడు బావ. ఆయన తిడితే బాగుండుననిపించింది ఆమెకు. జీవితంలో మొదటిసారి ఆ మనిషి మీద అసూయ కలిగింది. ఆయన చేతులకు ఏమీ అంటలేదు. బయటివాడు అన్నది తను. నంబర్ బ్లాక్ చేసింది తను. కళ్ళు మూసుకుని వాణ్ణే తలుచుకుని ఆ మాటలు అన్నది తను. దొంగను తరమమని పెట్టిన యంత్రం తమ్ముణ్ణి తరిమిందంటే, అది తప్పు చేసినట్టు కాదు. చెప్పిన పని చెప్పినట్టు చేసింది.

*

బ్లాక్ తీసేసి ఎన్నిసార్లు చేసినా తమ్ముడు ఫోన్ ఎత్తలేదు. లారీ డ్రైవర్‌ను అడిగితే వాడు పని చేస్తున్న చోటు చెప్పాడు. సగం కట్టిన అపార్ట్‌మెంట్లు. వాడు అక్కడ ప్లంబర్‌గా కుదిరాడట. అక్క సిమెంటు మెట్లు ఎక్కి, తలుపుల్లేని గుమ్మాలు దాటుకుంటూ వెళ్ళింది. ఒక బాత్రూమ్‌లో వాడు మోకాళ్ళ మీద కూర్చుని పైపుకు మరలు కోస్తున్నాడు. నూనె చేతులు. బాగా చిక్కిపోయాడు.

తల ఎత్తి చూసి మళ్ళీ పనిలో పడ్డాడు. "ఇక్కడికి ఎందుకొచ్చావ్? కూర్చున్నచోటి నుంచే చూస్తావుగా."

"ఒరేయ్, నా మాట విను."

"విన్నాను. మూడుసార్లు విన్నాను. వీధంతా విన్నారు."

"అది నేను కాదురా. మిషన్. నా గొంతు పట్టి అందులో పెట్టారు. డిపో మూసి ఉన్నప్పుడు గేటు దగ్గర కొత్తవాళ్ళు నిలబడితే దానంతటదే అరుస్తుంది. నేను ఆస్పత్రిలో ఉన్నాను. నువ్వొచ్చావని ఇవాళ వీడియో చూశాకే తెలిసింది. ఒట్టు."

వాడి చేతిలోని పనిముట్టు ఆగింది. "నువ్వు వినలేదా?"

"ఒక్క ముక్క వినలేదు."

"నన్ను చూడలేదా?"

"లేదురా."

ఆ మాటల్లో ఒక్కటి కూడా అబద్ధం కాదు. అందుకే అంత సులువుగా వచ్చేశాయి. తమ్ముడు ఆమెను చాలాసేపు చూశాడు. పెదవులు వణికాయి. ఏడుస్తాడేమో అని ఆమె ఒక అడుగు వేసేలోపు వాడు నవ్వడం మొదలుపెట్టాడు. బోర్లించిన బకెట్ మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మిషన్‌కి చేతులు జోడించానా నేను? వానలో నిలబడి, గోడకి తగిలించిన డబ్బాతో, తిట్టు అక్కా తిట్టు అన్నానా? ఎవరైనా చూసుంటే పిచ్చాసుపత్రిలో చేర్చేవాళ్ళు!" కళ్ళు తుడుచుకున్నాడు. చేతి నూనె బుగ్గకు అంటుకుంది. "ఆ రోజు నుంచి నేను మనిషిలా లేను అక్కా. కొడితే పడతాను. కానీ అమ్మ అలా ఉన్నప్పుడు కూడా నన్ను గేటు బయట నిలబెట్టి, లోపల కూర్చుని చూస్తూ పొమ్మంటావా అని..." మాట మధ్యలో వదిలేసి మళ్ళీ నవ్వాడు.

ఇప్పుడు చెప్పాలి అనుకుంది అక్క. మిషన్‌కు అంత కోపం ఎవరిచ్చారో చెప్పాలి. నువ్వు బయటివాడివని దానికి ఎవరు చెప్పారో చెప్పాలి. నోరు తెరిచింది. వాడు అప్పటికే చేతులు కడుక్కుంటూ, మేస్త్రీని కేకేసి సెలవు అడుగుతూ, సంచిలో ఉతికిన చొక్కా కోసం వెతుక్కుంటున్నాడు. చిన్నప్పుడు ఊరెళ్ళడానికి తయారయ్యేటప్పుడు ఉండే హడావుడి అది.

"పద అక్కా, పద. అమ్మ దగ్గరికి పోదాం."

దారిలో చెప్పొచ్చులే అనుకుంది. దారంతా వాడు స్కూటర్ మీద వెనక కూర్చుని ఆమె భుజం మీద చెయ్యి వేసి కబుర్లు చెబుతూనే ఉన్నాడు. ఆ చెయ్యి ఎంతో బరువుగా ఉంది. ఇంటి మలుపు వచ్చేసింది.

*

అమ్మ గోడ వైపే తిరిగి ఉంది. "ఫిజియో ఆవిడొచ్చిందా? ఇవాళ నా వల్ల కాదని చెప్పు," అంది.

"నేను నడిపిస్తే నడుస్తావా?" అన్నాడు తమ్ముడు.

అమ్మ వెంటనే తిరగలేదు. తిరగడానికి నడుం సహకరించదు, మనసు కూడా భయపడింది. వాడే మంచం అటువైపు వెళ్ళి నేల మీద కూర్చుని, ఆమె ముఖానికి ఎదురుగా ముఖం పెట్టాడు. అమ్మ వాడి భుజం మీద ఒక్కటి వేసింది. బలం లేని దెబ్బ. ఇంకొకటి వేసింది. మూడోసారి ఆ చెయ్యి వాడి తల మీదే ఉండిపోయింది.

"నేను చచ్చాక వద్దామనుకున్నావా?"

"వచ్చానమ్మా. ఆపరేషన్ రోజే వచ్చాను. నీ కూతురి మిషన్ తరిమేసింది."

ఇక వాడు మొదలుపెట్టాడు. తను గేటు దగ్గర ఎలా నిలబడ్డాడో, మిషన్ ఎలా కసిరిందో, తను దానికి ఎలా నచ్చజెప్పాడో, లేచి నిలబడి, కూర్చుని, చేతులు జోడించి, అన్నీ చేసి చూపించాడు. అమ్మ నవ్వింది. ఇంటికొచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వితే తుంటి నొప్పి పుడుతోందని ఏడుపు ముఖం పెట్టింది, మళ్ళీ నవ్వింది. గుమ్మంలో నిలబడిన బావ కూడా నవ్వాడు. అక్క పెదవులు సాగదీసింది. అవి నవ్వులానే కనిపించి ఉంటాయి.

"అసలుది చూస్తేగానీ మజా రాదు. అక్కా, వీడియో ఉందన్నావుగా, పెట్టు."

"ఇప్పుడెందుకురా? అమ్మ అలిసిపోతుంది."

"నాకేం అలుపు లేదు," అంది అమ్మ. "పెట్టు."

వాడే అక్క చేతిలోంచి ఫోన్ తీసుకుని అమ్మ దిండుకు ఆనించి పెట్టాడు. వీడియోలో వాన మొదలైంది. ఆ గొంతు గదిలో వినిపించగానే వాడు, "చూడు చూడు, ఇప్పుడు నా వెధవ మొహం చూడు" అని అమ్మ చెయ్యి కుదిపాడు. అమ్మ చూస్తోంది. మొదటిసారి గొంతు వినిపించినప్పుడు ఆమె ముఖంలో నవ్వు ఉంది. రెండోసారి వినిపించినప్పుడు లేదు. సైరన్ మోగి వీడియో అయిపోయాక కూడా ఆమె ఆ నల్లటి తెరనే చూస్తూ ఉండిపోయింది.

"నాన్నా," అంది కొడుకుతో, "నొప్పి మాత్రలు అయిపోయాయి. బావని తీసుకుని కొట్టుదాకా వెళ్ళి రా."

"అక్కడ ఉన్నాయిగా" అని బావ అనబోయి, అమ్మ ముఖం చూసి నాలుక్కరుచుకున్నాడు. ఇద్దరూ వెళ్ళారు. బండి చప్పుడు దూరమయ్యాక అమ్మ నెమ్మదిగా అడిగింది.

"ఎవరిని తలుచుకుని అన్నావ్?"

అక్క తల వంచుకుంది.

"దొంగల్ని చూసి అరిచే అరుపు నాకు తెలుసు. అందులో భయం ఉంటుంది. ఇందులో భయం లేదు. సొంతవాళ్ళ మీద తప్ప ఇంత కోపం రాదు. చెప్పు."

"వాణ్ణేనమ్మా," అంది అక్క. అంతే, కట్ట తెగింది. మంచం పక్కన కూలబడి అన్నీ చెప్పేసింది. ఫొటో సంగతి చెప్పింది, బ్లాక్ సంగతి చెప్పింది, ఆస్పత్రిలో ఫోన్ వణికితే చూసి సంతోషించిన సంగతి చెప్పింది. వాడు రాలేదని అమ్మ బాధపడుతుంటే తనకు లోలోపల ఎలా అనిపించిందో, అది కూడా దాచలేదు. అమ్మ అంతా వింది. చెయ్యి చాచి ఆమె తల మాత్రం నిమరలేదు.

"వాడు రాగానే చెప్పేస్తానమ్మా. కాళ్ళు పట్టుకుంటాను."

"ఎందుకు?"

"చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు."

"పట్టకపోనీ," అంది అమ్మ.

అక్క తల ఎత్తింది.

"వాడు ఇన్నాళ్ళకి నవ్వుతున్నాడు. మిషన్ అరిచిందనుకుంటున్నాడు. ఇప్పుడు నువ్వు ఏడ్చి, చెప్పి, కాళ్ళు పట్టుకుంటే నీ బరువు దిగిపోతుంది. అది పోయి వాడి నెత్తిన పడుతుంది. అక్క నిజంగానే నన్ను పొమ్మంది అని బతికినంతకాలం వాడు మొయ్యాలి. నీది నువ్వే మొయ్యి. నేను కూడా కొంత మోస్తాను, కన్నాను గనక." అమ్మ కళ్ళు మూసుకుంది. "ముఖం కడుక్కో. బండి చప్పుడు వినిపిస్తోంది."

అక్క ముఖం కడుక్కుని వచ్చేసరికి తమ్ముడు మందుల పొట్లం బల్ల మీద పెట్టి, మంచం కింద నుంచి అమ్మ చెప్పులు తీసి ఆమె పాదాల దగ్గర సర్దుతున్నాడు. లేచి నడవడానికి అమ్మ ఒప్పుకుందట. ఒక చంక కింద వాడు చెయ్యి వేశాడు, రెండో చంక కింద అక్క వేసింది. ముగ్గురూ కలిసి ఒక అడుగు వేశారు. అమ్మ వీపు వెనక వాడి చెయ్యి అక్క చేతికి తగిలింది. వాడు ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అక్కా," అన్నాడు, అమ్మ తల మీదుగా ఆమె వైపు వంగి, మెల్లగా. "ఆ రోజు నిన్ను ఎన్ని మాటలు అనుకున్నానో తెలుసా? రాయి అనుకున్నాను. ఇక నా అక్క చచ్చిపోయిందనుకున్నాను. నువ్వు అలాంటిదానివి కాదని నాకు తెలిసుండాల్సింది. తప్పు నాదే. ఏమీ అనుకోకు."

అమ్మ ఇంకో అడుగు వెయ్యకుండా ఆగింది. అక్క వైపు తిరిగి చూడలేదు. ఆమె ఏం జవాబు చెబుతుందో విందామని ఆగింది.

"పర్లేదురా," అంది అక్క.